టీవీ పేరూ సినిమా కంపెనీ పేరూ ఒకే క్యాసెట్ మీదా?

ప్రశ్న: అప్పట్లో మా మావయ్య అమెరికా నుంచి తెచ్చిన వీడియో క్యాసెట్లు అటక మీద దొరికాయి. అట్టల మీద ‘సీబీఎస్/ఫాక్స్ వీడియో’ అని ఉంది. సీబీఎస్ టీవీ నెట్‌వర్క్, ఫాక్స్ సినిమా కంపెనీ. రెండూ ఎలా కలిశాయి? ఇవి ఇక్కడి వీసీఆర్‌లో ఆడతాయా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఫాక్స్ సంగతి ముందు చెప్తాను. మిషిగన్‌లో మాగ్నెటిక్ వీడియో అని ఓ చిన్న కంపెనీ ఉండేది. దాని ఓనర్ ఆండ్రే బ్లే 1977లో ఫాక్స్ దగ్గర 50 సినిమాలకు క్యాసెట్ హక్కులు తీసుకుని అమ్మడం మొదలుపెట్టాడు, 1979కల్లా ఫాక్సే ఆ కంపెనీని కొనేసింది.

సీబీఎస్ చిక్కు వేరు. తెర నిండా సీరియళ్ళే, కానీ చాలావాటికి యజమాని వేరొకరు. పైగా 1970లో అమెరికాలో టీవీ, రేడియోల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఓ రూల్ పెట్టింది: బయటివాళ్ళు తీసిన సీరియళ్ళలో నెట్‌వర్క్‌లు వాటా ఉంచుకోకూడదు, వాటిని మళ్ళీ వేరే స్టేషన్లకు అమ్ముకోకూడదు. దాంతో ఆ అమ్మకాల విభాగాన్ని 1971లో వయాకామ్ పేరుతో వేరుకాపురం పెట్టించాల్సి వచ్చింది. క్యాసెట్ల గిరాకీ మొదలయ్యేసరికి సొంత సరుకు చాలకే సినిమావాళ్ళ తలుపు తట్టారని నా లెక్క. 1980లో ఎంజీఎంతో, 1982లో ఫాక్స్‌తో జట్టు కట్టారు, మీ అట్టల మీదున్న పేరు ఈ రెండోది. బీబీసీ క్యాసెట్లను కూడా అమెరికాలో కొన్నాళ్ళు ఈ లేబులే అమ్మింది.

అన్నట్టు, బయటికి పంపిన ఆ వయాకామే 2000లో సీబీఎస్‌ను కొనేసింది! 2005 చివర్లో విడిపోయి, 2019లో మళ్ళీ కలిశారు. మన ఉమ్మడి కుటుంబాలే నయం.

ఇక ఆడటం గురించి. అమెరికా క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతివి, బొమ్మకు 525 లైన్లు. మనది పాల్ (PAL) అనే పద్ధతి, 625 లైన్లు. మామూలు పాల్ వీసీఆర్‌లో పెడితే బొమ్మ దొర్లిపోతుంది, లేదా రంగు రాదు. రెండు పద్ధతులూ ఆడే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి, రిచీ స్ట్రీట్‌లో పాత సామాన్ల షాపుల్లో అడిగి చూడండి. కొత్తది మాత్రం ఆశించకండి, చివరిదాకా తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది.

వీసీఆర్ దొరికినా తొందరపడకండి. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. చెన్నై ఉక్కకు అక్కడ తెల్లగా బూజు పడుతుంది. అలాంటిదాన్ని లోపల పెడితే బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది, కాబట్టి దాన్ని విడిగా ఓ కవర్లో పెట్టేయండి. బాగున్నవాటిని కూడా ముందొకసారి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే నొక్కండి.