జ్వరం వస్తే రబ్బింగ్ ఆల్కహాల్‌తో ఒళ్లు తుడవొచ్చా?

ప్రశ్న: డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. ఇంట్లో రబ్బింగ్ ఆల్కహాల్ అని రాసున్న సీసా ఉంది. రెండేళ్ల మనవడికి జ్వరం వస్తే అందులో గుడ్డ తడిపి ఒళ్లు తుడవమని తెలిసినావిడ చెప్పారు. మంచిదేనా? అసలు దాన్ని దేనికి వాడతారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. ఒకప్పుడు అమెరికాలో చాలా ఇళ్లలో ఇలా చేసేవారు. తుడవగానే ఒళ్లు చల్లబడినట్టు అనిపిస్తుంది. కానీ పిల్లాడికి వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరగొచ్చు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆ ఆల్కహాల్ చర్మం నుంచి, పీల్చే గాలి నుంచి రక్తంలోకి చేరుతుంది. ఇలా ఒళ్లు తుడిచాక పసిపిల్లలు మగతలోకి, కోమాలోకి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి.

జ్వరానికి పారాసిటమాల్ చాలు. అక్కడ దాన్ని అసెటమినోఫెన్ అంటారు, టైలెనాల్‌లో ఉండేది అదే. బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, డాక్టర్ని అడిగి వేయండి.

ఇక ఆ సీసా సంగతి. అందులో ఉండేది సాధారణంగా 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మిగతాది నీరు. మన మెడికల్ షాపుల్లో దొరికే సర్జికల్ స్పిరిట్ లాంటిదే. 91 శాతంది కూడా అమ్ముతారు గానీ, క్రిములను చంపడానికి 70 శాతందే మేలు. నీళ్లు కలిసి ఉంటేనే అది నెమ్మదిగా ఆరుతూ క్రిమిలోని ప్రొటీన్లను బాగా దెబ్బతీస్తుంది. థర్మామీటర్, సెల్‌ఫోన్ తుడవడానికి, స్టిక్కర్ జిగురు వదిలించడానికి వాడుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దూదితో తుడుచుకుని, పూర్తిగా ఆరాకే సూది వేసుకోవాలి. షుగర్ చూసుకునే వేలు తడిగా ఉంటే రీడింగ్ తప్పు రావచ్చు.

తెగిన గాయం మీద మాత్రం పోయకండి. మంట ఒక్కటే కాదు, మానాల్సిన కణజాలం కూడా దెబ్బతింటుంది. కుళాయి నీళ్లు, సబ్బు చాలు. బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువులు వస్తాయి. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర వాడితే ఇట్టే అంటుకుంటుంది.

సీసాను మనవడికి అందని చోట, తాళం వేసి పెట్టించండి. పొరపాటున తాగితే వెంటనే అక్కడి పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222కి ఫోన్ చేయండి. మగతగా ఉంటే 911కి చేయండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు.