షెడ్డులో పుట్టిన బండి

ప్రశ్న: గురువుగారూ, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పట్టుకున్న రష్యన్ టీ-34 ట్యాంకు టరెట్ (ఫిరంగి ఉండి, గుండ్రంగా తిరిగే పైభాగం) తీసేసి, దాని స్థానంలో విమానాలను కొట్టే నాలుగు గొట్టాల తుపాకీ బిగించిన బండి ఫోటో చూశాను. అప్పటినుంచి మనసంతా దాని మీదే ఉంది. దాని ప్లాస్టిక్ మోడల్ 1/35 స్కేల్లో, అంటే అసలులో 35వ వంతు సైజులో, కడదామని టీ-34 కిట్ ఒకటి, ఆ నాలుగు గొట్టాల ఫ్లాక్‌ఫీర్లింగ్ తుపాకీ కిట్ ఒకటి కొన్నాను. రెంటికీ మధ్య ఉండాల్సిన రేకుల టరెట్ మాత్రం నా దగ్గర లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ఆ బండంటే నాకూ ప్రాణం. నేను 31 ఏళ్లు రావులపాలెం దగ్గర ఒక లారీ బాడీ షెడ్డులో పనిచేశాను. మా దగ్గరికి వచ్చే లారీకి ఇంజనూ చాసిస్సే ఉండేవి. మిగతాదంతా మా చేతుల మీదే లేచేది. అందుకే ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు అది నాకు ట్యాంకులా కాదు, మా షెడ్డులో పుట్టిన బండిలా కనిపించింది.

నిజానికి అది అలా పుట్టిందే. 1944లో తూర్పు రంగంలో ఉన్న జర్మన్ల 653వ భారీ ట్యాంకు విధ్వంసక బెటాలియన్ దాన్ని తన అవసరానికి తానే తయారుచేసుకుంది. ఆ బెటాలియన్ అసలు ఆయుధం ఫెర్డినాండ్. 65 టన్నుల బరువు, 88 మిల్లీమీటర్ల ఫిరంగి. 1943లో రష్యాలోని కుర్స్క్ యుద్ధంలో దిగింది, తరవాత దానికే ఎలిఫాంట్ అని పేరు మార్చారు. ఎదురుగా వచ్చే ట్యాంకుని చాలా దూరం నుంచే కొట్టేది గానీ, నెత్తిమీదికి వచ్చే విమానాన్ని ఏమీ చేయలేకపోయేది. 1944 నాటికి ఆకాశం రష్యన్ల చేతిలోకి పోయింది. చేతిలో పట్టుబడిన టీ-34 ఒకటి ఉంది, నాలుగు గొట్టాల తుపాకీ ఉంది, పాడైన బళ్ల కవచపు రేకులు ఉన్నాయి. ఆ మూడింటినీ కలిపారు. ఫ్యాక్టరీలో డ్రాయింగు గీసి వందల్లో దించిన బండి కాదది. ఆ ఫోటోల్లో కనిపించేది ఒక్కటే.

మీరూ ఆ మెకానిక్‌ల వరసలోనే కట్టండి. ముందు పొట్ట (బండి కింది భాగం), తరవాత రింగు (టరెట్ కూర్చునే గుండ్రటి చోటు), తరవాత తుపాకీ, చివరికి రేకులు. చాలామంది ముందు టరెట్ అందంగా కట్టేసి, ఆ తరవాత తుపాకీని అందులో కూర్చోబెట్టబోతారు. గొట్టాలు పైకి లేవవు, సీటు గోడకి తగులుతుంది. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాళ్లూ ఇదే చేసేవారు. టూల్‌బాక్స్ కట్టేసి తరవాత జాకీ తెచ్చి చూసేవారు, అది పట్టేది కాదు. లోపల ఏం పడుతుందో చూసుకున్నాకే బయట గోడ లేపాలి.

కొలతలు చెబుతాను, రాసుకోండి. 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న టీ-34కి టరెట్ రింగు 1420 మి.మీ. మన స్కేల్లో అది 40.6. అదే టీ-34/85 అయితే రింగు 1600, అంటే 45.7. మీ కిట్ ఏదో పెట్టె మీద ముందే చూసుకోండి. నాలుగైదు మిల్లీమీటర్లే కదా అనుకోకండి, ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బండి వెడల్పు 3 మీటర్లు, అంటే 85.7. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా) వెడల్పు 500, అంటే 14.3. రోడ్డు చక్రం వ్యాసం 830, మన లెక్కలో 23.7.

ఆ చక్రమే మీకు స్కేలుబద్ద. ఫోటో ప్రింటు తీసుకుని అందులో చక్రం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. 830ని దాంతో భాగిస్తే ఫోటోలోని ఒక్కో మిల్లీమీటరుకి అసలు బండి మీద ఎంతో తెలుస్తుంది. దాంతో టరెట్ పక్క రేకు ఎత్తు లెక్కకట్టండి. ఇక్కడొక మెలిక ఉంది. చక్రం కెమెరాకి దగ్గర, టరెట్ రేకు దానికంటే లోపలికి ఉంటుంది. దూరంగా ఉన్నది ఫోటోలో చిన్నగా పడుతుంది కాబట్టి మీకొచ్చిన ఎత్తు అసలుకంటే కాస్త తక్కువే వస్తుంది. నేను మొదటిసారి ఇది పట్టించుకోలేదు. అంతా అతికించాక మనిషి బొమ్మని పక్కన నిలబెడితే గోడ నడుము దగ్గరే ఆగిపోయింది. మూడు వారాల పని ఊడదీశాను. మీరు ముందు పెళ్లి శుభలేఖ అట్టతో అచ్చులు కోసి, లోపలి వైపు సెల్లోటేపు వేసి నిలబెట్టండి. తుపాకీ పెట్టండి, 5 సెంటీమీటర్ల మనిషి బొమ్మ పెట్టండి, ఫోటో ఏ కోణంలో ఉందో ఆ కోణం నుంచి ఒంటికన్నుతో చూడండి. సరిపోయిందనిపించాకే ప్లాస్టిక్ షీటు ముట్టుకోండి.

షీటు అర మిల్లీమీటరుది తీసుకోండి. లెక్కకి అది 17 మి.మీ. పైచిలుకు మందమవుతుంది, అలాంటి రేకులకి ఎక్కువే. అలాగని పావు మిల్లీమీటరు షీటు తెస్తే గోడ వంగిపోతుంది. అర మిల్లీమీటరుతోనే కట్టి, పైకి కనిపించే అంచుని లోపలి వైపు నుంచి గరుకు నీటికాగితంతో ఏటవాలుగా అరగదీయండి. చూసేవాళ్ల కంటికి ఆ అంచే మందం.

ఇక అతుకులు. దయచేసి పుట్టీ పెట్టి నున్నగా చేయకండి. గ్యాస్ కటింగ్ చేసిన రేకు అంచు ఎలా ఉంటుందో మీ ఊళ్లో ఏ వెల్డింగ్ షాపుకి వెళ్లినా కనిపిస్తుంది. పైనుంచి కిందికి సన్నటి చారలుంటాయి, అక్కడక్కడ మంట ఆగి మళ్లీ మొదలైన చోట చిన్న గాటు ఉంటుంది. వెల్డర్ ముందు నాలుగు చోట్ల టాకింగ్ (రేకు కదలకుండా చుక్కలా వేసే అతుకు) కొట్టి, తరవాత గీత లాగుతాడు. ఆ టాకింగ్ మచ్చలు గీత కింద ఉబ్బెత్తుగా మిగులుతాయి. కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ముక్కని కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీస్తే దారమంత సన్నటి తీగ వస్తుంది. దాన్ని అతుకు మీద పరిచి, మోడల్ సిమెంటు రాసి, మెత్తబడగానే కత్తి మొనతో దగ్గర దగ్గరగా నొక్కండి. యుద్ధం మధ్యలో, ఆదరాబాదరాగా, ఎవరో ఒక వెల్డర్ ఆ గీత లాగాడు. అతని చెయ్యి మీ మోడల్లో కనిపించాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక్క అతుకు మీద సాయంత్రమంతా కూర్చున్న రోజులున్నాయి.

తుపాకీ గొట్టాలకి ఒక చిట్కా. కిట్‌లోని ప్లాస్టిక్ గొట్టాలు నాలుగూ ఒకే తీరుగా ఉండవు, తొందరగా విరుగుతాయి. మందుల షాపులో 20 గేజ్ సూదులు కొత్తవి అడగండి, పసుపు రంగు మూతివి. బయటి కొలత 0.9 మి.మీ., లోపలి రంధ్రం 0.6. దాన్ని 35తో గుణిస్తే 21 మి.మీ. ఆ తుపాకీ గుండు 20 మి.మీ. ఇంతకంటే దగ్గరగా ఏదీ దొరకదు. సూది మొనని సానరాయి మీద పూర్తిగా అరగదీయాలి, కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి. గొట్టాలు అతికించేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఈ తుపాకీకి రెండు కాలి పెడళ్లు ఉంటాయి. ఒక్కో పెడలు ఎదురుబొదురు మూలల్లో ఉన్న రెండు గొట్టాల్ని పేలుస్తుంది. ఒక్కో మ్యాగజైన్లో (గుళ్లు నింపే పెట్టెలో) 20 గుళ్లే కాబట్టి, ఒక జత పేలుతుంటే రెండో జతకి మ్యాగజైన్లు మార్చుకోవచ్చు. మీరు సిబ్బంది బొమ్మలు పెడితే ఒక మూల జతకి మ్యాగజైన్లు ఉంచి, రెండో జతవి తీసి మనుషుల చేతుల్లో పెట్టండి. తెలిసినవాళ్లు చూడగానే ఆగిపోతారు.

ప్రశ్న: అండీ, వానాకాలంలో రంగు కొడితే మోడల్ మీద తెల్లటి పొరలా వస్తోంది. ఏం చేయాలి? ఈ జర్మన్ బళ్లకి ఏ రంగు వేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: థిన్నర్ గబగబా ఆరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ చేరుతుంది. అదే ఆ తెలుపు. మన డెల్టాలో జూన్ నుంచి నవంబర్ దాకా ఈ బాధ తప్పదు. ఎండ కాసిన రోజు పదకొండు నుంచి రెండు మధ్య కొట్టండి. పల్చగా, మూడు నాలుగు పొరలుగా కొట్టండి. ఆరబెట్టడానికి చెక్కపెట్టెలో పాతకాలం బల్బు ఒకటి పెట్టుకోండి. లోపల చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, అంతే. ఎక్కువైతే ప్లాస్టిక్ వంగుతుంది.

రంగు ఏదని కూడా అడిగారు. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ బళ్లకి ముదురు పసుపు అడుగు రంగు. దాని మీద వేయడానికి ఆలివ్ ఆకుపచ్చ, ఎరుపు గోధుమ రంగుల్ని ముద్దగా డబ్బాల్లో పంపేవారు. సిపాయిలు నీళ్లో పెట్రోలో కలిపి తామే పూసుకునేవారు. పెట్రోల్ కలిపితే గట్టిగా పట్టేది, నీళ్లు కలిపితే వానకి కరిగిపోయేది. కాబట్టి పచ్చ చారలు ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటే తప్పు పట్టేవారు లేరు.

ప్రశ్న: తాతయ్యగారూ, నేను తొమ్మిదో తరగతి. మా అన్నయ్య ట్యాంకు కడుతున్నాడు. దానికి లాగే తాడు, కింద మట్టి నేను చేస్తానని చెప్పాను. ఎలా చేయాలి?
– ఒక విద్యార్థిని, నరసాపురం

జవాబు: తల్లీ, నువ్వు సరైన ఊళ్లోనే ఉన్నావు. మీ చుట్టుపక్కల లేసు అల్లే అమ్మలుంటారు కదా, వాళ్ల దగ్గర సన్న నూలు దారం అడుగు. మూడు పేటలు తీసుకుని ఒక చివర కిటికీ చువ్వకి కట్టి, రెండో చివర పట్టుకుని మెలి తిప్పు. బాగా బిగిశాక ఫెవికాల్ నీళ్లు పట్టించి, లాగి పట్టిన స్థితిలోనే ఆరనివ్వు. ఆరాక నూగు కనిపిస్తే అన్నయ్యని పక్కన పెట్టుకుని కొవ్వొత్తి మంటకి పైపైన చూపించు. తరవాత ముదురు బూడిద రంగు వేసి, పెన్సిల్ పొడి రుద్దు. ఉక్కు తాడులా మెరుస్తుంది.

మట్టికి ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను అంతర్వేది వెళ్లినప్పుడు రేవు దగ్గర మెత్తటి ఒండ్రు చూసి ముచ్చటపడి సంచిలో తెచ్చుకున్నాను. ఫెవికాల్‌లో కలిపి మోడల్‌కి పూస్తే ఎంతో బాగుంది. రెండు నెలలకి దాని మీద తెల్లటి ఉప్పు పూసింది. సముద్రం పోటుకి తడిసే మట్టి కదా. అందుకని పైనున్న కాలవ గట్టు మట్టి తీసుకో. అయినా మూడుసార్లు మంచినీళ్లలో కడిగి, పేరనిచ్చి, ఎండబెట్టి, పాత చీర గుడ్డలో జల్లించు.

ఎక్కడ పూయాలో తెలియాలంటే సార్వా దమ్ము రోజుల్లో చేలోంచి గట్టెక్కుతున్న ట్రాక్టరుని చూడు. ఇనప చక్రాల సందుల్లో మట్టి ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని ఉంటుంది, పైభాగాన చిందిన చుక్కలే ఉంటాయి. పైనున్నది ఆరి లేతరంగుకి తిరుగుతుంది, సందుల్లోది ఇంకా నల్లగా తడిగా ఉంటుంది. ట్యాంకుకీ అంతే. చక్రానికీ ట్రాక్‌కీ మధ్య బాగా పట్టించు, టరెట్ మీద అసలు వద్దు. రష్యాలో వానలకీ, మంచు కరిగినప్పుడూ దారులన్నీ మన దమ్ము చేలలాగే అయ్యేవి. జర్మన్ల పంజర్-3, పంజర్-4 ట్యాంకుల ట్రాకులు సన్నవి, 36 నుంచి 40 సెంటీమీటర్లు. టీ-34వి 50. అందుకే అది ఆ బురదలో దిగబడకుండా నడిచింది. పట్టుబడిన టీ-34లను జర్మన్లు వదులుకోకుండా వాడుకున్నారంటే అదీ ఒక కారణం.

ప్రశ్న: అయ్యా, నేను చరిత్ర ఉపాధ్యాయుణ్ణి. హిట్లర్ సైన్యం బండిని అంత ప్రేమగా కట్టి షోకేసులో పెట్టుకోవడం నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీరు అడగడం న్యాయం మాస్టారూ. నా జవాబు నేను ఎలా పెట్టుకున్నానో చెప్పడమే.

మా అమ్మమ్మది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజు పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి, పిల్లల్ని చంకన వేసుకుని ఊరు దాటి నడిచామని ఆవిడ చెప్పేది. పైనుంచి విమానం చప్పుడు వస్తే కిందనున్నవాడికి ఎలా ఉంటుందో నాకు ఆవిడ మాటల్లోంచే తెలుసు. అదే యుద్ధంలో మన సిపాయిలు ఆఫ్రికా ఎడారిలో, ఇటలీలో జర్మన్ సైన్యానికి ఎదురు నిలిచి పోరాడారు. ఆ జర్మన్ సైన్యం ఏ పాలన కోసం పోరాడిందో, ఆ పాలన ఎన్ని లక్షల మందిని చంపిందో నాకు తెలుసు. ఆ బండి మీద నాకు గౌరవం లేదు. రేకు కోసి, అతికి, ఉన్నదాంతో పని గడుపుకున్న పనివాడి చెయ్యి మీద ఆసక్తి ఉంది. ఆ చెయ్యి చెడ్డ పనికి పనిచేసిందన్న బాధ కూడా ఉంది. ఈ రెండూ నాలో ఒకచోటే ఉంటాయి.

నా మోడల్ కింద చెక్క మీద ఒక ఇత్తడి పలక బిగించాను. జర్మన్ బెటాలియన్ పేరు రెండో వరసలో ఉంటుంది. మొదటి వరసలో, టీ-34ని రూపొందించిన మిహయీల్ కోష్కిన్ పేరు రాశాను. ఆయన 1940 సెప్టెంబర్‌లోనే పోయాడు, తన ట్యాంకు యుద్ధంలో దిగడం చూడలేదు. చిన్నపిల్లలు ఇంటికి వస్తే పైనున్న తుపాకీ గురించి అడుగుతారు. నేను ముందు కింద ఉన్న పొట్ట చూపించి, ఇది ఎవరి దగ్గర లాక్కున్నారో చెప్పి, అప్పుడు పైకి వస్తాను. మీకు వీలైతే ఒక ఆదివారం పాలకొల్లు రండి. మీ విద్యార్థుల్నీ తీసుకురండి. షోకేసు తలుపు తీసి, మోడల్ బల్ల మీద పెట్టి ఉంచుతాను.