గ్రహణం చూపించి భయపెట్టిన కొలంబస్

ప్రశ్న: అన్నా, మొన్న గ్రహణానికి గుడి మూసినప్పుడు మా చిన్నాయన చెప్పినాడు, కొలంబస్ గ్రహణంతో జనాన్ని బెదిరించినాడంట. నిజమా? ఆయప్ప సైన్స్ నమ్మేటోడా, దేవుణ్ణా?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నిజమే తమ్ముడూ. 1504 ఫిబ్రవరి 29, జమైకా. ఓడలు పురుగు తొలిచి పాడైపోయి ఒడ్డున ఇరుక్కుంటే అక్కడోళ్ళు తిండి ఇచ్చేది ఆపేసినారు, ఈయన దగ్గర రెజియోమోంటానస్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త లెక్కగట్టిన పంచాంగం ఉన్నింది, దాంట్లో చంద్రగ్రహణం టైమ్ చూసుకుని దేవునికి కోపమొచ్చింది, ఈ రాత్రి చంద్రుణ్ణి చూడండి అన్నాడు, చెప్పినట్టే గ్రహణం పట్టింది, జనం భయపడినారు, అంతే, తిండి మళ్ళా వచ్చింది. దీన్ని తెలివి అంటారు గానీ నాకైతే మోసమే. అట్లని భక్తి నాటకం కాదు. ఓడలో అరగంటకోసారి ఇసుక గడియారం తిప్పే పిల్లోళ్ళు ప్రార్థన పాడేవాళ్ళు. ఈయనే బైబిల్ వాక్యాలు ఏరి ఒక పుస్తకం కూర్చినాడు, తన ప్రయాణాలు బైబిల్లో ముందే రాసుండాయని గట్టి నమ్మకం. తప్పింది లెక్కలోనే, భూమిని చిన్నది చేసుకుని జపాన్ దగ్గర్లోనే ఉందనుకున్నాడు.