బాబాయి ఇస్తానన్న టాబ్లెట్‌తో డిజైనర్‌గా నిలదొక్కుకోవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. బీకాం చివరి సంవత్సరం చదువుతూ సాయంత్రాలు ఒక డీటీపీ సెంటర్‌లో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు చేస్తున్నాను. గ్రాఫిక్ డిజైనర్‌గా స్థిరపడాలని ఉంది. అమెరికాలో ఉండే బాబాయి తన పాత మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 7 టాబ్లెట్ ఇస్తానంటున్నారు. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్. షాపులో అన్నయ్యలేమో ‘దానిమీద ఫొటోషాప్, కోరెల్ నడవవు’ అంటున్నారు. నాన్నగారు స్నాప్‌డ్రాగన్ చిప్పున్న కొత్త విండోస్ టాబ్లెట్ కొనిస్తానంటున్నారు. నన్ను ఏం చేయమంటారు?

జవాబు: బాబాయిగారు ఇస్తానన్నది తీసుకోండి. కొత్త టాబ్లెట్ వద్దు. నాన్నగారు ఖర్చు పెట్టాలనుకుంటున్న డబ్బులో కొంతతో కీబోర్డు, పెన్ను, ఒక 24 అంగుళాల మానిటర్ కొనుక్కోండి. మిగతాది దాచమనండి.

నడవవు అన్న మాట నిజం కాదు. మీ షాపు కంప్యూటర్‌లో ఉన్న విండోసే సర్ఫేస్ ప్రోలోనూ ఉంటుంది. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, కోరెల్‌డ్రా ఫోన్ యాప్‌లలా కుదించినవి కాకుండా పూర్తిస్థాయివే ఇన్‌స్టాల్ అవుతాయి. అయితే అన్నయ్యల మాటను కొట్టిపారేయకండి. ప్రోగ్రాం ఓపెన్ అయినంత మాత్రాన రోజంతా దానిమీద పని సాగుతుందని కాదు.

ముందు ర్యామ్ సంగతి. ఫొటోషాప్‌కు కనీసం 8 జీబీ కావాలని, 16 ఉంటే మేలని అడోబీ చెబుతుంది. మీకు వచ్చేది ఆ కనీసమే. సర్ఫేస్‌లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి తర్వాత పెంచుకోవడం కుదరదు. అందుకని ఫైలు సైజు మీ అదుపులో ఉండాలి. 6×4 అడుగుల ఫ్లెక్సీని అసలు సైజులో 100 రిజల్యూషన్‌తో (అంగుళానికి 100 పిక్సెళ్లు) మొదలుపెడితే 7,200×4,800 పిక్సెళ్లు. ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో నిండుగా ఉన్న ఒక్క లేయరు (ఒకదానిమీద ఒకటి పేర్చే పొర) దాదాపు 138 ఎంబీ. అదే ఫైలును అలవాటుగా 300లో తెరిచారనుకోండి, లేయరుకు 1.2 జీబీ దాటుతుంది. దానిమీద నాయకుల ఫొటోలు కత్తిరించి ఒక్కొక్కటే పేరుస్తూ పోతే టాబ్లెట్ ఏమిటి, మంచి డెస్క్‌టాప్ కూడా ఆయాసపడుతుంది. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు, 72 నుంచి 100 సరిపోతుంది. 300 అవసరం పెళ్లికార్డుకు. ఏ4 సైజులో అది లేయరుకు 35 ఎంబీయే, ఈ టాబ్లెట్ హాయిగా మోస్తుంది. ఫొటోల పని వరకే ఫొటోషాప్‌లో ముగించి, అక్షరాలు, బోర్డర్లు కోరెల్‌లో పెట్టుకోండి. డిస్క్‌లో కొంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ అక్కడే రాసుకుంటుంది. పాత ఫైళ్లను మెమరీ కార్డులోకి మార్చేయండి.

ఐ5 మోడల్‌లో ఫ్యాన్ ఉండదు. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో మన ఎండలకు పరుపు మీద పెట్టుకుని పనిచేస్తే గంటకే నత్తనడక మొదలవుతుంది. టేబుల్ మీద నిలబెట్టి, ఇంటి ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

తెర చాలా స్పష్టంగా ఉంటుంది, కానీ 12.3 అంగుళాలే. 2736×1824 పిక్సెళ్లున్నా, మెనూలు కంటికి ఆనాలంటే స్కేలింగ్ (తెరమీద అక్షరాలు, ఐకాన్ల సైజు) 200 శాతం పెట్టుకోవాలి. అప్పుడు మిగిలే జాగా 1368×912 తెరతో సమానం. కోరెల్‌లో టూల్‌బాక్స్, పక్కన తెరుచుకునే డాకర్లు, రంగుల పట్టీ పోను కార్డుకు మిగిలేది కాస్తే. మానిటర్ కొనమన్నది ఇందుకే. టైప్ సీ పోర్టు నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్‌తో కలుపుకోవచ్చు. కీబోర్డు లేకుండా మాత్రం అసలు ప్రయత్నించకండి. ఇలస్ట్రేటర్‌లో పెన్ టూల్‌తో గీస్తున్నంతసేపూ ఎడమచెయ్యి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీదే ఉంటుంది. తెరమీద వచ్చే కీబోర్డు సగం బొమ్మను మూసేస్తుంది.

ఇక ఈ టాబ్లెట్ మీ చేతికి నిజంగా ఏం ఇస్తుందంటే, పెన్ను. మౌస్‌తో జుట్టు చుట్టూ మాస్క్ గీయడానికీ, పెన్నుతో గీయడానికీ పోలికే లేదు. అంతకన్నా ముఖ్యం తెలుగు అక్షరాలు. పెన్ను ఒత్తిడిని బట్టి గీత సన్నబడుతుంది, లావవుతుంది. తలకట్టు దగ్గర తేలిగ్గా ఆనించి, గుండ్రం తిరిగేచోట నొక్కి, ఒత్తు చివర వదిలేసి చూడండి, కుంచెతో రాసినట్టే వస్తుంది. ఉన్న ఫాంటునే అందరూ అటూఇటూ తిప్పి వాడుతున్న చోట, పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లను చేత్తో రాసి ఇవ్వగలిగే డిజైనర్‌ను కస్టమర్లు గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. పెన్ను వాడేముందు విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పెన్ అండ్ టచ్‌లో, నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అయ్యే ఆప్షన్ ఆపేయండి, లేకపోతే గీత మొదలుపెట్టిన ప్రతిసారీ అడ్డొస్తుంది. పెన్ను వాడుతున్నప్పుడు వేలి స్పర్శను పట్టించుకోవద్దని సెట్టింగ్స్‌లో కూడా పెట్టండి.

స్నాప్‌డ్రాగన్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. అది మంచి చిప్పే, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. కానీ ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములు దానిమీద ఎమ్యులేషన్‌తో, అంటే అప్పటికప్పుడు అనువదించుకుంటూ నడుస్తాయి, పరికరాలను కంప్యూటర్‌తో కలిపి నడిపించే డ్రైవర్లకు ఆ వీలు లేదు. ప్రింటర్, స్కానర్ లాంటివాటికి ఆ చిప్పు కోసమే చేసిన డ్రైవర్ ఉండాలి. యూనికోడ్ రాకముందు పద్ధతిలో నడిచే అను తెలుగు ఫాంట్లు, ఏళ్లనాటి ప్రింటర్లతో సాగే మన డీటీపీ లోకంలో ఇంటెల్ మెషినే టెన్షన్ లేని దారి.

అను ఒక్కటే నేర్చుకుని ఆగిపోకండి. వెబ్‌సైట్లు, యాప్‌లు, సోషల్ మీడియా పనులన్నీ ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లోనే. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ప్రెస్సుకు పంపేముందు మాత్రం అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు లేకున్నా చెదరని గీతలుగా మార్చాల్సిందే, కోరెల్‌లో కంట్రోల్ క్యూ. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత వచ్చేదాకా క్రాక్ వెర్షన్ల జోలికి పోకండి. గీతల డిజైన్‌కు ఇంక్‌స్కేప్, బొమ్మలు వేయడానికి క్రిటా ఉచితం.

బాబాయిగారిని రెండు విషయాలు అడగండి: బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచిందా, విండోస్ 11 వేశారా. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరులో ఆగిపోయింది. ఈ మోడల్ 11కు పనికొస్తుంది.

ఉద్యోగంలో చేరితే మెషిన్ సాధారణంగా కంపెనీయే ఇస్తుంది. ఇంటర్వ్యూలో చూసేది మీ పని. షాపులో చేసిన వాటిలో మంచివి ఎంచి, కస్టమర్ అడిగిందేమిటి, మీరు మార్చిందేమిటి అన్నది ఒక్కోదాని కింద రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. డిగ్రీ తర్వాత డిజైన్‌లో పీజీ చేయాలనుకుంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఉంది. ఏ డిగ్రీవాళ్లయినా, చివరి సంవత్సరంవాళ్లయినా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఎండిజైన్ సీట్లు కూడా దాని ద్వారానే. జనవరిలో జరిగే ఆ పరీక్షలో బొమ్మలు కాగితం మీదే వేయాలి. టాబ్లెట్ వచ్చినా రోజూ ఒక అరగంట పెన్సిల్ పట్టండి.