షెవ్రొలే పుట్టింది 1911లోనా, 1918లోనా?
క్విజ్‌కి 1911 రాయాలా, 1918 రాయాలా అని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, అమెరికా కార్ల కంపెనీ షెవ్రొలే మొదలైంది 1911 నవంబరులోనే. 1918 అది జనరల్ మోటార్స్ అనే మరో కార్ల సంస్థలో కలిసిపోయిన ఏడాది.

కథంతా విలియం డ్యురాంట్‌ది. 1908లో జనరల్ మోటార్స్ పెట్టాడు. అప్పులు చేసి వరసగా కంపెనీలు కొనేయడంతో 1910లో పగ్గాలు బ్యాంకర్ల చేతికి పోయాయి. ఊరుకునే రకమా? రేసు డ్రైవర్ లూయీ షెవ్రొలేతో కలిసి కొత్త కంపెనీ తెరిచాడు. చవక కార్ల విషయంలో పొసగక లూయీ తర్వాత వెళ్లిపోయాడు, పేరు మాత్రం ఉండిపోయింది! 490 డాలర్ల మోడల్ జోరుగా అమ్ముడైంది. డ్యురాంట్ షెవ్రొలే షేర్లు ఇచ్చి జనరల్ మోటార్స్ షేర్లు పోగేసి, 1916లో మళ్లీ దాని అధ్యక్షుడయ్యాడు. అంటే 1918లో కలిసిపోయే ముందు కొన్నాళ్లు జనరల్ మోటార్సే షెవ్రొలే చేతిలో ఉంది. కాబట్టి రెండిట్లో మాతృసంస్థ ఏదని అడిగితే, ముందు ఏ ఏడాది గురించో చూసుకోండి.