గడువు దాటిన ఇంకు, గోడ మీది ఫోటో

ప్రశ్న: కావలిలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పిగ్మెంట్ ఇంకు ప్రింటరు కోసం కొనిపెట్టిన కార్ట్రిడ్జులలో రెండింటికి సీలు తీయకముందే పెట్టె మీది తేదీ దాటి 5 నెలలయింది. వాటిని వాడవచ్చునా? వాడితే ఫోటోలు త్వరగా వెలిసిపోతాయా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పెట్టె మీది తేదీ ఇంకు పనితనానికి సంబంధించినదే తప్ప ఫోటో మన్నికకు సంబంధించినది కాదు. ఇంకో రకమైన డై ఇంకులో రంగు పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకులో మాత్రం అది కంటికి కనిపించనంత సన్నని పొడిగా ద్రవంలో తేలుతూ ఉంటుంది. నెలల తరబడి కదిలించకపోతే ఆ పొడి మెల్లగా అడుగుకు దిగుతుంది కనుక, రంగులు ముదురుగానో లేతగానో పడడం, ముద్దకట్టిన రేణువులు ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలైన నాజిళ్లకు అడ్డుపడడం జరగవచ్చు. అయినా సీలు చెదరకుండా నీడపట్టున ఉంచినవైతే వాటిని పారవేయమని నేను చెప్పను. మెల్లగా అటూ ఇటూ ఊపి, ప్రింటరుకు ఎక్కించి, నాజిల్ చెక్ (ఆ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే పరీక్ష ప్రింటు) తీసి, ఇదివరకు మీరు తీసిన ఒక ప్రింటుతో రంగులు పోల్చి చూడండి. పెళ్లి ఆల్బమ్‌కు మాత్రం వాటిని నమ్ముకోవద్దు. మే నెల ఎండల్లో రేకుల గదిలో ఉండిపోయినవైతే అసలు వాడవద్దు.

నిజానికి నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది సీలు తీసి ప్రింటరులో ఉంచిన ఇంకు. ఎక్కించిన 6 నెలల లోపు దానిని వాడేయమని ఎప్సన్ వంటి తయారీదారులే చెబుతారు. మూఢంలోనూ ఆషాఢంలోనూ ముహూర్తాలు లేక మీ ప్రింటరు ఖాళీగా ఉంటుంది. అప్పుడు కూడా వారానికి ఒక రంగుల ప్రింటు తీయండి. గోడ స్విచ్చి కట్టేయకుండా ముందు ప్రింటరు బటనుతోనే ఆపితే, నాజిళ్లు ఉండే హెడ్ తన మూత కిందికి చేరి ఆరిపోకుండా ఉంటుంది.

ఇక మన్నిక. వెలుతురు, గాలిలోని ఓజోన్ పిగ్మెంట్ రేణువును పైపైనే తాకగలవు కనుక ఆ రంగు డై కన్నా చాలా నెమ్మదిగా వెలుస్తుంది. మంచి కాగితం మీద తీసి, అద్దం వెనుక, ఎండ పడని గోడకు ఉంచిన ఫోటో దశాబ్దాలు నిలుస్తుంది. అయితే సముద్రపు గాలి తేమ ఉన్న మీ ప్రాంతంలో ప్రింటును ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, అద్దం దానికి తగలకుండా మధ్య అట్ట చట్రం పెట్టి పటం కట్టించండి.