లెవెన్‌స్టైన్ దూరంతో శ్రీకాకుళం, చిత్తూరు ఒకే గుంపులో పడుతుంటే

ఊరూరా సేకరించిన పదాల పట్టికతో యాసల్ని పోల్చి, లెవెన్‌స్టైన్ దూరం (ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అనే లెక్క) ప్రకారం ఊళ్ళని గుంపులు చేస్తుంటే ఈ చిక్కు వచ్చిందా? పదాల్ని నేరుగా తెలుగు లిపిలోనే పైథాన్‌కి ఇచ్చి ఉంటారు. శ్రీకాకుళం, చిత్తూరు ఊళ్ళు కలిసిపోవడానికి చాలావరకు కారణం అదే.

కంప్యూటర్ అక్షరాల్ని గుర్తించే పద్ధతి అయిన యూనికోడ్‌లో వత్తు వచ్చిన ప్రతిచోటా పొల్లు గుర్తు ఒకటి అదనంగా లెక్కలోకి వస్తుంది, 'క'లో దాగిన అకారం మాత్రం అసలు రాదు. 'ఉంది', 'ఉన్నది' చూడండి: లిపిలో తేడా 3, పలికే ధ్వనుల్లో (ఉ-న్-ద్-ఇ, ఉ-న్-న్-అ-ద్-ఇ) తేడా 2.

1. ముందు ప్రతి పదాన్నీ ధ్వనులుగా విడగొట్టండి. అందరూ వదిలేసేది ఇదే, దయచేసి వదలకండి. సున్నాని తర్వాతి హల్లుని బట్టి మార్చాలి: 'పంట'లో ణ్, 'పంది'లో న్, 'పంపు'లో మ్. 'చాప'లో చ, 'చేప'లో చ పలకడం వేరు కాబట్టి రికార్డింగులు ఉంటే విని రాయండి, స్పెల్లింగుని నమ్మొద్దు. 1995లో బ్రెట్ కెస్లర్ ఐరిష్ గేలిక్ యాసల మీద ఈ దూరం వాడినప్పుడు కూడా పోల్చింది ధ్వని లిపిలో రాసిన రూపాల్నే.

2. 'చేస్తడు', 'చేస్తాడు' తేడా అచ్చు పొడుగుదే, దానికి పూర్తి 1 వేయకుండా సగం వేసి చూడండి.

3. సొరకాయ, ఆనపకాయ అసలు వేరే పదాలు. వాటి మధ్య అక్షరాల దూరానికి అర్థం లేదు. అలాంటివి పక్కకు తీసి, పదం ఒకటా కాదా అని శాతంగా విడిగా లెక్కించండి.

4. పట్టికలో జవాబు దొరకని గడుల్ని ఖాళీ పదాలుగా పోల్చకండి, ఆ జత వదిలేసి మిగిలినవాటికే సగటు తీయండి.